పగిలిన ప్లేట్ల ప్లీడరమ్మ

మొదటి తొట్టిలోంచి తీసిన ప్లేటు రెండో తొట్టిలో మునిగేలోపు ఆమె కుడి బొటనవేలు దాని అంచు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వస్తుంది. కళ్ళు ప్లేటు మీద ఉండవు. ఎదురుగా ఆవిరి పట్టిన గోడ మీదో, పక్కన పేరుకుంటున్న ఎంగిలి ప్లేట్ల గుట్ట మీదో ఉంటాయి. అంచులో ఆవగింజంత పెచ్చు లేచినా వేలికి తెలిసిపోతుంది. తెలిస్తే ఆ ప్లేటు పక్కకి, లేకపోతే నీళ్ళలోకి. ఇరవయ్యారేళ్ళుగా ఆ వేలు అలా తిరుగుతూనే ఉంది. తిరిగి తిరిగి దాని చివర గీతలన్నీ చెరిగిపోయి, గవ్వలా నున్నగా తయారైంది.

ఆ నున్నదనం వల్ల ఒకసారి పెద్ద తగువే అయింది. రెండేళ్ళ క్రితం హోటలువాళ్ళు వెనక గుమ్మం దగ్గర వేలిముద్ర యంత్రం పెట్టారు. అది అందరి వేళ్ళూ గుర్తుపట్టేది, ఈమె వేలు తప్ప. ఈమె వేలు తుడుచుకుని పెట్టడం, అది ఎర్రలైటు వెలిగించి కుయ్యిమనడం, మళ్ళీ తుడుచుకోవడం, మళ్ళీ కుయ్యిమనడం. ఈ సరసం రోజూ పది నిమిషాలు నడిచేది. నెలాఖరుకి ఆ పది నిమిషాలన్నీ పోగుచేసి ఆలస్యం కింద జీతంలో కోశారు. ఆమె చీటీ పట్టుకుని వెళ్ళి, జీతాలు కట్టే లెక్కల సారు బల్ల ముందు నిలబడింది.

"నా వేలు అరిగింది మీ ప్లేట్లు తోమే కదా సార్. అరిగినందుకు మీరే నాకు ఇవ్వాల్సింది పోయి, నా దగ్గర కోస్తారా?"

లెక్కల సారు తలెత్తి ఆ వేలి వంక చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ మర్నాటి నుంచి ఆమె హాజరు ఒక్కటీ పుస్తకంలో చేత్తో రాస్తున్నాడు.

ఇలాంటివాటి వల్లే ఆమెకు ప్లీడరమ్మ అని పేరు పడింది. మొదట్లో వంటవాళ్ళు వెటకారానికి అన్నారు. తర్వాత వెటకారం పోయి పేరు మిగిలింది. ఇప్పుడు ఆమె అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించదు.

అంట్ల గది వంటింటికి నాలుగు మెట్లు కిందుగా ఉంటుంది. మూడు సిమెంటు తొట్లు, వాటి పైన చెమట పట్టినట్టుండే గొట్టాలు, నేల మధ్యలో జాలీ వేసిన తూము. పైన వీధి మట్టానికి ఒక పొడుగాటి కిటికీ. అందులోంచి దారిన పోయేవాళ్ళ పాదాలు మాత్రం కనబడతాయి. ఆరుగురు పనిచేస్తారు, ముగ్గురు పొద్దున, ముగ్గురు సాయంత్రం. పొద్దున పూట ప్లీడరమ్మ తోముతుంది, పక్కనే కొత్తకోడలు కడుగుతుంది, అటు చివర చెవిటి తాత తుడిచి అరల్లో పేరుస్తాడు. కొత్తకోడలికి ఇద్దరు పిల్లలు, పెద్దవాడికి మీసం కూడా వస్తోంది. పద్నాలుగేళ్ళ కిందట పెళ్ళయిన నెలకే పనిలో చేరింది కాబట్టి ఆ పేరు అలా అంటుకుపోయింది.

"పిన్నీ, పది కావస్తోంది," అంది కొత్తకోడలు.

"కానీ. ఈ వరస అయిపోనీ."

"భయంగా లేదూ?"

ప్లీడరమ్మ వేలు ప్లేటు చుట్టూ తిరిగింది. "వాళ్ళకి లేదా ఏంటి? వాళ్ళక్కూడా ఉంటుంది," అంది.

అరల కింద, తడి తగలకుండా ఇటుకల మీద, రెండు పిండి సంచులు ఉన్నాయి. మూతులు గట్టిగా ముడేసి ఉన్నాయి. వాటిని చూడనట్టు నటిస్తూ వంటింట్లోవాళ్ళు ఆ పొద్దున ఒకటికి పదిసార్లు మెట్ల మీదికి వచ్చి వెళ్ళారు.

సంగతి ఇది. హోటల్లో ప్లేట్లు పగిలితే ఆ నష్టం అంట్ల గదివాళ్ళు భరించాలని ఒక పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. జీతం చీటీలో 'పగుళ్ళు' అని ఒక గీత, దాని పక్కన ఒక అంకె. మొదట్లో ఆ అంకె ఒక పూట కూరగాయలంత ఉండేది, ఎవరూ పట్టించుకోలేదు. కొత్త మేనేజరు వచ్చాక అది పెరగడం మొదలుపెట్టింది. ఎవరు పగలగొట్టారు, ఎక్కడ పగిలింది అన్న ప్రశ్నే లేదు. నెలాఖరుకి మొత్తం వెల వేసి ఆరుతో భాగించడమే. అయిదు నెలల క్రితం ఆ అంకె కొత్తకోడలి జీతంలో అయిదో వంతు అయింది. ఆ రోజు ఆమె చీటీ చూసుకుని, తొట్టి దగ్గరికి వచ్చి, కొళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ప్లీడరమ్మ ఓదార్చలేదు. కొళాయి కట్టేసి, "ఈ రోజు నుంచి పగిలిన ముక్క ఒక్కటి కూడా చెత్తలోకి పోకూడదు," అంది.

పోలేదు. ముక్కలు కడిగి, ఆరబెట్టి, పాత పేపర్లో చుట్టి, పైన పెన్సిలుతో తారీఖు, ఎవరి చేతిలో పగిలిందో రాసి సంచిలో వేసేవాళ్ళు. సాయంత్రం ముగ్గురికీ అదే అప్పగింత. చెవిటి తాత ఒకసారి పొరపాటున ఒక ముక్కను చీపురుతో తూములోకి తోశాడు. ప్లీడరమ్మ జాలీ ఎత్తి మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని పైకి తీసింది. రెండో నెల చివర ఆమె లేబర్ ఆఫీసుకు పోయి అర్జీ ఇచ్చింది. అర్జీ తనే రాసుకుంది. విచారణ ఇవాళ పదకొండు గంటలకి.

రాయడం ఆమెకు ముప్ఫై మూడో ఏట వచ్చింది. అంతకుముందు సంతకం కూడా లేదు. ఆమె భర్త ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నెమ్మదైనవాడు, చూపించిన చోటల్లా సంతకం పెట్టేవాడు. "మనం కాదంటే వాళ్ళు ఊరుకుంటారా ఏంటి," అనేవాడు నవ్వుతూ. ఒక వానాకాలం ఊపిరితిత్తులు చెడి మంచం పట్టి, మూడు వారాల్లో పోయాడు. మిగిలిన జీతం తెచ్చుకుందామని నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఆమె ఫ్యాక్టరీకి వెళితే, ఒక కాగితం ముందుకు జరిపి వేలిముద్ర వేయమన్నారు. వేసింది. చేతిలో బస్సు ఛార్జీకి సరిపడా డబ్బులు పెట్టారు. ఆయన జీతం మీద ముందే అడ్వాన్సు తీసుకున్నాడని, అదంతా అందులో పోయిందని, ఆ కాగితంలో అదే రాసి ఉందని, ఆమె అది ఒప్పుకుందని చెప్పారు. ఆయన అడ్వాన్సు తీసుకోలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ వేలిముద్ర పడిపోయింది.

ఆ మరుసటి ఏడు కూతురు బడిలో చేరింది. సాయంత్రాలు కూతురు పలక మీద రాస్తుంటే తల్లి నేల మీద బొగ్గుతో రాసేది. కూతురు కంటే ఆర్నెల్లు ముందే ఒత్తులు, గుణింతాలు అన్నీ పట్టేసింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, పాలవాడి చీటీ అయినా సరే, పూర్తిగా చదవకుండా ఆమె దేని మీదా సంతకం పెట్టలేదు. వేలు అక్షరాల కింద జరుపుతూ నెమ్మదిగా చదువుతుంది. ఎదుటివాడు విసుక్కుంటాడు. విసుక్కోనిస్తుంది.

పదింబావుకి ఆమె చేతులు తుడుచుకుంది. ఆ చేతులు నీళ్ళకు నాని తెల్లగా, ముడతలుగా, మణికట్టు దాకా వేరే మనిషివేమో అన్నట్టుంటాయి. జుట్టు సవరించుకుని, చీర మీద వేసుకున్న తడి అంగీ విప్పేసి, తొట్టి పక్క మేకుకు తగిలించిన పొడిది వేసుకుంది. కొత్తకోడలు సంచులు ఎత్తి ఇచ్చింది.

"నేనూ వస్తాను పిన్నీ. రెండిటినీ ఎలా మోస్తావు?"

"నువ్వొస్తే ఇక్కడ తోమేవాళ్ళు లేక గుట్ట పెరిగిపోతుంది, ఆ వంకతో నీకు ఇంకోటి కోస్తారు. ఉండు."

బస్సులో కండక్టరు సంచుల వంక అనుమానంగా చూశాడు.

"ఏముందమ్మా అందులో?"

"ప్లేట్లు."

"కొత్తవా?"

"పగిలినవి."

కండక్టరు ఆమె మొహంలోకి ఒకసారి తేరిపార చూసి, సామాను టిక్కెట్టు సంగతి ఎత్తకుండా ముందుకు పోయాడు.

లేబర్ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ దాని తలుపుకి 'పనిచేయుట లేదు' అన్న అట్ట చాలాకాలంగా వేలాడుతున్నట్టుంది, అట్ట అంచులు పసుపురంగుకి తిరిగాయి. ఆమె మెట్లెక్కింది. మొదటి మలుపులో ఆగింది, రెండో మలుపులో సంచులు కిందపెట్టి గోడకి ఆనుకుంది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఒక తీపు లాగుతోంది. రెండు రోజులుగా అలాగే ఉంది. సంచి బరువు అనుకుంది. చేతులు మార్చుకుని మళ్ళీ ఎక్కింది.

పైన వరండాలో మేనేజరు నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. పక్కన రిజిస్టరు చంకలో పెట్టుకుని లెక్కల సారు. మేనేజరు ఆమెను పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించి, బాగా కావలసినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఏమ్మా, ఇంకా నాలుగు నెలల్లో నీకు అరవై నిండుతాయి. ఈ వయసులో ఇంత దూరం, ఇన్ని మెట్లు, అవసరమా చెప్పు? నీకు కోసిందంతా ఇప్పుడే ఇచ్చేస్తాను. ఆ అర్జీ వెనక్కి తీసుకో."

"ఆరుగురికీనా సార్?"

"అందరి సంగతీ నీకెందుకు? నీది నీకు వస్తుందిగా."

"నాది ఒక్కటీ తీసుకుంటే, మిగతా అయిదుగురికీ కోసింది సబబే అని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. నాకది కుదరదు సార్."

"మొండితనం మంచిది కాదమ్మా."

"నేను మొండిదాన్నని మీకు ముందే చెప్పి ఉంటారు కదా," అంది ఆమె. లెక్కల సారు దగ్గొచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

సరిగ్గా ఇదే సలహా ముందు రోజు ఇంట్లో కూతురు కూడా ఇచ్చింది. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది, భర్త, ఒక పాప. ఒకరిని ఒక మాట అనదు, అనిపించుకున్నా ఊరుకుంటుంది, అచ్చం తండ్రి పోలిక. "ఆ నాలుగు నెలలూ కళ్ళు మూసుకుంటే అయిపోతుంది కదమ్మా. ఎందుకీ గొడవ, ఎవరి కోసం?" అంది. తల్లి సమాధానం చెప్పకుండా మనవరాలికి జడ వేస్తూ కూర్చుంది. సమాధానం లేక కాదు. అది మొదలుపెడితే ఫ్యాక్టరీ కాగితం దాకా పోతుంది. తండ్రి గురించి కూతురి మనసులో ఉన్నవి నాలుగే నాలుగు జ్ఞాపకాలు, వాటి మీద చెయ్యి వెయ్యడం ఆమెకు ఇష్టం లేదు.

పిలుపు వచ్చింది. గది చిన్నది, ఫైళ్ళు నేల మీద నుంచి కిటికీ ఎత్తు దాకా ఉన్నాయి. బల్ల వెనక ఆఫీసరు, యాభై దాటిన ఆడమనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. ముందు మేనేజరు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. ప్లేట్లు ఖరీదైనవని, ఈ అయిదు నెలల్లో నాలుగు వందల ఇరవై పగిలాయని, నష్టం రాబట్టుకునే హక్కు యజమానికి ఉందని, రిజిస్టరులో అంతా పక్కాగా రాసి ఉందని చెప్పి రిజిస్టరు బల్ల మీద పెట్టించాడు.

"మీరేం చెబుతారమ్మా?" అంది ఆఫీసరు.

ప్లీడరమ్మ సంచి మూతి విప్పింది. "ఇవి ఇక్కడ పరచవచ్చా మేడమ్?"

"ఏంటవి?"

"ఈ అయిదు నెలల్లో అంట్ల గదిలో పగిలిన ప్లేట్లు. అన్నీనూ."

ఆఫీసరు ఫైళ్ళు జరిపింది. చోటు చాల్లేదు. ప్లీడరమ్మ నేల మీద పేపరు పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, పొట్లాలు ఒక్కటొక్కటిగా విప్పడం మొదలుపెట్టింది. ముక్కలన్నీ కుప్పగా పొయ్యలేదు. ప్రతి పొట్లంలోంచీ ఒకే ఒక్క ముక్క ఏరి వరసలో పెడుతోంది, మిగతావి పేపర్లోనే ఉంచుతోంది. ఏరిన ముక్కలన్నీ బోర్లా పెట్టింది. ప్రతి దాని మీదా నీలిరంగు గుండ్రంలో చిన్న ఓడ బొమ్మ.

"ఇది హోటలు ముద్ర మేడమ్. ప్లేటు కింద మధ్యలో ఉంటుంది. ప్లేటు నాలుగు ముక్కలైనా, నలభై ముక్కలైనా అడుగు ఒక్కటే, ముద్రా ఒక్కటే. ముద్రే రెండుగా విరిగితే అతికించి తెచ్చాను. మీరు ముద్రలు లెక్కపెట్టండి."

ఆఫీసరు కుర్చీలోంచి లేచి వచ్చి వంగి లెక్కపెట్టింది. పక్కనున్న గుమాస్తా కూడా లెక్కపెట్టాడు. ఇద్దరికీ ఒకటే వచ్చింది. యాభై మూడు.

"ఇందులో తొమ్మిది నావి," అంది ప్లీడరమ్మ. "ఏడు చెయ్యి జారి పోయాయి. రెండిటికి ముందే బీట ఉంది, వేడినీళ్ళు తగలగానే విడిపోయాయి. ఆ ఏడూ నా తప్పే. పిలిచి అడిగితే ఒప్పుకుంటాను, వాటికి కోసుకుంటే నేను కాదనను. ఎవరూ అడగలేదు."

"మిగతావి పారేసి ఇవి మాత్రం పట్టుకొచ్చింది మేడమ్," అన్నాడు మేనేజరు. "నమ్మడానికి ఆధారం ఏముంది?"

"ఆధారం చూపించాల్సింది ఆవిడ కాదండీ, కోసింది మీరు కదా," అంటూ ఆఫీసరు మళ్ళీ కూర్చుని రిజిస్టరు తెరిచింది. పేజీలు తిప్పింది. "మొదటి నెల ఎనభై. రెండో నెల తొంభై. తర్వాత డెబ్భై, ఎనభై, వంద. మీ హోటల్లో ప్లేట్లు పదుల లెక్కన పగులుతాయా?"

గుమాస్తా నవ్వేసి, మళ్ళీ మొహం సరిచేసుకున్నాడు.

"ఎవరు పగలగొట్టారో పేరు లేదు. తారీఖు లేదు. పగలగొట్టినవాళ్ళని పిలిచి అడిగినట్టు ఒక్క కాగితం లేదు. భోజనాల హాల్లో వడ్డించేవాళ్ళ చేతిలో ఎన్ని పగిలాయి?"

మేనేజరు లెక్కల సారు వైపు చూశాడు.

"ఈ అంకెలు మీరే రాశారా?" ఆఫీసరు లెక్కల సారుని అడిగింది.

లెక్కల సారు పొట్టి మనిషి, పదకొండేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని అదే పెన్నుతో రాస్తున్నాడు, ఇంకో పదకొండేళ్ళు కూర్చోవాలన్నది ఆయన కోరిక. ఆయన నేల మీద బోర్లా పడుకున్న ఓడలన్నిటినీ చూశాడు. వాటి వెనక మోకాళ్ళ మీదే ఉన్న మనిషిని చూశాడు.

"రాసింది నేనే మేడమ్," అన్నాడు. "అంకె పైనుంచి చెబుతారు. నేను వేస్తాను."

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత పెద్దగా ఏమీ జరగలేదు. ఆఫీసరు గుమాస్తాకి చెబుతూ రాయించింది. ఎవరి అజాగ్రత్త వల్ల నష్టం జరిగిందో తేల్చకుండా, వాళ్ళ సంజాయిషీ వినకుండా, అందరికీ కలిపి జీతంలో కోయడం చెల్లదని, ఆరుగురికీ అయిదు నెలల్లో కోసిన మొత్తం పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలని, ఇకముందు కోసేది ఏదైనా కారణంతో సహా చీటీలో రాయాలని. మేనేజరు సంతకం పెట్టి పెన్ను బల్ల మీద పడేశాడు. కాగితం ప్లీడరమ్మ ముందుకు వచ్చింది. ఆమె వేలు అక్షరాల కింద జరగసాగింది. ఆఫీసరు గడియారం చూసుకుంది. రెండో పేజీ మధ్యలో వేలు ఆగింది.

"ఇక్కడ అయిదుగురు అని పడింది మేడమ్. ఆరుగురం."

గుమాస్తా నాలిక్కరుచుకుని దిద్దాడు. అప్పుడు సంతకం పెట్టింది.

బయటికి వచ్చాక మేనేజరు ఆమె వైపు తిరక్కుండానే అన్నాడు. "ఇవాళ నువ్వు పని వదిలేసి వచ్చిన గంటలకు జీతం రాదు. అది గుర్తుపెట్టుకో."

"ఎందుకొస్తుంది సార్? చెయ్యని పనికి నేను అడగను. పదింబావుకి బయలుదేరాను, ఒంటిగంటన్నరకి తొట్టి దగ్గరుంటాను. ఎన్ని గంటలో అన్నే కోసుకోండి. పూట మొత్తం కొయ్యకండి," అని, లెక్కల సారు వైపు చూసి, "మీరు రాసుకోండి సార్," అంది.

సంచులు అక్కడే వదిలేసింది. వాటిని ఆఫీసువాళ్ళు సాక్ష్యం కింద జమకట్టుకున్నారు. ఖాళీ చేతులతో మెట్లు దిగడం సుఖంగా ఉండాలి, కానీ దిగేటప్పుడు కూడా రెండు మలుపుల్లోనూ ఆగాల్సివచ్చింది.

ఒంటిగంట ఇరవై అయిదుకి ఆమె అంట్ల గదిలో ఉంది. మధ్యాహ్నం భోజనాల ప్లేట్లు మూడు తొట్లూ నిండి నేల మీదికి దిగాయి. కొత్తకోడలు చేతులు నీళ్ళలోనే ఉంచి మొహం మాత్రం ఇటు తిప్పింది. ప్లీడరమ్మ రెండు చేతులూ ఎత్తి, ఆరుగురికీ అన్నట్టు ఆరు వేళ్ళు చూపించింది. కొత్తకోడలు నమ్మలేదు.

"ఆరుగురికీనా పిన్నీ? అయిదు నెలలదీనా?"

"అణాపైసలతో."

వార్త చెవిటి తాతకి చేరడానికి కొంత టైము పట్టింది. కొత్తకోడలు ఆయన చెవిలో మూడుసార్లు అరిచింది. మూడోసారి ఆ కేక వంటింట్లోకి, అక్కడి నుంచి భోజనాల హాల్లోకి కూడా వెళ్ళింది. తాత తుడుస్తున్న ప్లేటుని జాగ్రత్తగా అరలో పెట్టి, చేతులు పొడిగుడ్డకి తుడుచుకుని, వచ్చి ప్లీడరమ్మ తల మీద చెయ్యి వేశాడు. ఆయన ఆమె కంటే మూడేళ్ళు చిన్నవాడని ఆమె గుర్తుచెయ్యలేదు.

పైనుంచి పెద్ద వంటవాడు మెట్లు దిగి వచ్చాడు. ఆ పేరు మొదట పెట్టింది ఆయనే. "అయితే నిజంగానే ప్లీడరువి అయిపోయావన్నమాట," అన్నాడు.

"ఫీజు ఇవ్వు మరి," అంది ఆమె.

ఆయన వెళ్ళి పెద్ద గ్లాసు నిండా టీ, మీగడ తేలేలా, తనే పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి పనిలోకి వంగింది. అది చల్లారిపోయింది.

నాలుగింటికి గుట్ట తరిగింది. ఆఖరి వరస ప్లేట్లు తనే తోమింది. ప్రతి దాని అంచూ వేలితో చూసింది, ఒకటి పక్కన పెట్టింది. నీళ్ళు వదిలి, తొట్టి అడుగున మిగిలిన మెతుకులు ఏరి పారేసి, తొట్టిని కూడా తోమింది. తర్వాత కిటికీ కింద బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, రబ్బరు బూట్లు విప్పి, చల్లబడాలని కాళ్ళు నేల మీద చాపుకుంది. కిటికీలోంచి పడిన ఎండ ఆమె ఒడిలో చేతుల మీద పడింది. తడి ఆరుతున్న కొద్దీ ఆ చేతులు మళ్ళీ మామూలు రంగుకి వస్తున్నాయి.

"కొంచెం నడుం వాలుస్తానే," అంది కొత్తకోడలితో. "సాయంత్రం వాళ్ళొస్తే వాళ్ళకి నేనే చెబుతాను. నువ్వు చెప్పకు."

"సరేలే పిన్నీ, చెప్పను."

ఆమె తల గోడకి ఆన్చి కళ్ళు మూసుకుంది. పైన వీధిలో పాదాలు పోతున్నాయి. కొత్తకోడలు చప్పుడు కాకుండా అరల్లో గ్లాసులు సర్దింది. అయిదింటికి సాయంత్రం ముగ్గురూ మెట్లు దిగి వస్తుంటే, పెదవుల మీద వేలు పెట్టి, "పడుకుంది, లేపకండి," అంది. వాళ్ళు మాట్లాడకుండా పనిలోకి వంగారు. ఇంకో పావుగంట ఆమెను ఎవరూ లేపలేదు. తర్వాత ఎండ చేతుల మీద నుంచి జరిగిపోయినా ఆ చేతులు కదలకపోవడం చెవిటి తాత చూశాడు.

తొమ్మిదో రోజున కూతురు హోటలుకి వచ్చింది. తల్లికి రావలసింది తీసుకెళ్ళమని కబురు పంపారు. లెక్కల సారు లేచి నిలబడి కుర్చీ చూపించాడు, తన పదకొండేళ్ళలో ఆ కుర్చీ ఎవరికీ చూపించి ఉండడు. రెండు కవర్లు బల్ల మీద పెట్టాడు.

"ఇది పగుళ్ళ కింద కోసింది. వెనక్కి వచ్చింది. ఇవాళే ఆరుగురికీ ఇచ్చేస్తున్నాం. ఇది ఈ నెల జీతం. ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

కూతురు పెన్ను తీసుకుంది. మామూలుగా అయితే పెట్టేసేదే. కానీ కాగితం మీద తల్లి అసలు పేరు చూసి ఆగింది. ఆ పేరుని అంత పూర్తిగా రాసి ఉండగా చూసి చాలాకాలమైంది. పేరు దగ్గర మొదలైన చూపు కిందికి దిగింది. 'గైర్హాజరు, మూడు గంటల పది నిమిషాలు.' సరే. దాని కింద ఇంకో గీత. 'తిరిగి ఇవ్వని సామాను, రబ్బరు బూట్లు ఒక జత.' దాని పక్కన ఒక అంకె.

"ఇదేంటండీ?"

లెక్కల సారు గొంతు సవరించుకున్నాడు. "బూట్లు హోటలువి. పని మానేటప్పుడు తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేదని... మేనేజరు గారు రాయమన్నారు. కారణం రాసే కోస్తున్నాం కదా అన్నారు."

కూతురు ఆ గీత మీద వేలు పెట్టింది. ఆమె గొంతు పెంచి ఎరగదు, ఇప్పుడూ పెంచలేదు.

"మా అమ్మని ఇంటికి తీసుకొచ్చినప్పుడు కాళ్ళకి ఏమీ లేవండి. ఒట్టికాళ్ళు. నేనే కడిగాను."

లెక్కల సారు తల దించుకున్నాడు.

"మరి బూట్లు ఎక్కడున్నట్టు? పదండి, చూద్దాం."

"వద్దులెండమ్మా, మీరెందుకు, నేను కనుక్కుని..."

"లేదండీ. చూశాకే పెడతాను సంతకం," అని ఆమె లేచింది.

అంట్ల గదికి వంటింట్లోంచి పోవాలి. వాళ్ళిద్దరూ వెళుతుంటే గరిటెలు ఆగాయి. పెద్ద వంటవాడు పక్కకి జరిగి దారి ఇచ్చాడు. నాలుగు మెట్లు దిగారు. మొదటి తొట్టి దగ్గర ఎవరూ లేరు. కొత్తకోడలు రెండో తొట్టి దగ్గరే నిలబడి, చెయ్యి చాపి మొదటి తొట్టిలోవీ తనే తోముతోంది. వచ్చినవాళ్ళని చూసి, విషయం విని, తడిచేత్తో కిటికీ కిందకి చూపించింది.

లెక్కల సారు జేబులోంచి పెన్ను తీశాడు. కాగితాన్ని అరల చెక్కకి ఆన్చి, ఆ గీత మీద ఇంకో గీత కొట్టాడు. పక్కన తన పొట్టి సంతకం పెట్టి, తారీఖు వేశాడు. కొట్టివేత తిన్నగా పడింది. కూతురు ఆ కాగితం మళ్ళీ పైనుంచి కింది దాకా చదివి, అక్కడే సంతకం పెట్టింది.

బోర్లించిన చెక్కపెట్టె పక్కన, గోడవారగా, విప్పినవి విప్పినట్టే ఉన్నాయి ఆ నల్లబూట్లు. ఎడమదాని మడమ లోపలివైపు బాగా అరిగింది, కుడిదానిలో వేళ్ళ దగ్గర నాలుగు మడతలు పెట్టిన పాతగుడ్డ ముక్క ఇంకా తడిగానే ఉంది.